మీ లెక్క చూసే మనిషి ఎవరు?

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సభలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

ముందుగా ఒక ప్రశ్న. జవాబు పైకి చెప్పక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు. ఈ రోజుకి మీ ఇంటి మొత్తం అప్పు ఎంత? బ్యాంకుది, చీటీది, కుదవ పెట్టిన బంగారానిది, క్రెడిట్ కార్డుది, చుట్టాల దగ్గర తీసుకున్న చేబదులు, అన్నీ కలిపి ఎంత? సరే, ఆ అంకె మీకు తెలుసనుకుందాం. మీ ఇంట్లో ఇంకెవరికి తెలుసు? అసలు నేను అడగాలనుకున్నది ఇదే. ఇంకెవరికి తెలుసు?

మనం తిరుపతి వాళ్లం. అప్పు గురించి మనకు ఒకరు చెప్పాలా? మన స్వామే పెళ్లికి అప్పు చేశాడు. పద్మావతీ అమ్మవారితో కల్యాణానికి కుబేరుడి దగ్గర తీసుకున్నాడు. ఆ కథ మీ అందరికీ తెలుసు. కానీ అందులో ఒక విషయం మీద మనం పెద్దగా దృష్టి పెట్టం. ఆ అప్పుకు పత్రం ఉంది. సాక్షులున్నారు. బ్రహ్మ సాక్షి, శివుడు సాక్షి, పుష్కరిణి గట్టున రావిచెట్టు సాక్షి. అంటే తీసుకున్నవాడు, ఇచ్చినవాడు కాకుండా ఇంకో ముగ్గురికి ఆ లెక్క తెలుసు. ఇంకా చూడండి. కింద గోవిందరాజస్వామి గుడిలో స్వామి పడుకుని ఉంటాడు కదా, తలకింద కుంచం ఉంటుంది. తమ్ముడి అప్పు తీర్చడానికి వచ్చే సొమ్మును కొలిచి కొలిచి అలసి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని పడుకున్నాడని మన పెద్దవాళ్లు చెప్తారు. అప్పు తమ్ముడిది. కొలిచేది అన్న. తమ్ముడు సాక్షాత్తూ వేంకటేశ్వరుడైనా సరే, లెక్క అన్న చేతిలో పెట్టారు మన పెద్దలు. నాకు ఈ కథలో చాలా ఇష్టమైన సంగతి అది.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతోంది? నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. పలమనేరు వైపు చేశాను, పుంగనూరు వైపు చేశాను, చివరికి ఇక్కడ చేశాను. కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లలో నేను మళ్లీ మళ్లీ చూసిన మనిషి ఒకరున్నారు. ఊరు మారుతుంది, ఉద్యోగం మారుతుంది, కథ మాత్రం అదే. ఒక మనిషి సంగతి చెప్తాను, పేరు చెప్పను. నెలకు 42,000 జీతం. మంచి మనిషి, తాగుడు లేదు, పేకాట లేదు. పర్సనల్ లోను టాపప్ కావాలని వచ్చారు. సరే సార్, కూర్చోండి, ఒక కాగితం మీద మొత్తం రాద్దామన్నాను. మొదట ఒకటే చెప్పారు. తర్వాత ఇంకోటి. టీ వచ్చేసరికి నాలుగు అప్పులయ్యాయి, తాగేసరికి ఐదయ్యాయి.

రాస్తే ఇలా తేలింది. బ్యాంకు లోను కంతు 9,500. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షలు, దానికి నెలకు 4,000, అది వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంది. ఎత్తేసిన చీటీకి ఇంకా కట్టాల్సింది నెలకు 10,000. కుదవ బంగారానికి వడ్డీ ఒక 1,000. కార్డు మీద 80,000 ఉంది, మినిమం డ్యూ అని నెలకు 4,000 కడుతున్నారు. ఆ కార్డుకు వడ్డీ నెలకు నూటికి మూడున్నర, అంటే ఏడాదికి 42 శాతం. కట్టిన 4,000లో 2,800 వడ్డీకే పోతుంది. అన్నీ కలిపితే 28,500. ఇంటి అద్దె 9,000. మిగిలేది 4,500. నలుగురున్న ఇల్లు నెలంతా 4,500తో గడుస్తుందా? గడవదు. అందుకే కార్డు మళ్లీ గీకుతున్నారు.

ఆయనకు ఈ మొత్తం తెలియదా? తెలుసు, విడివిడిగా తెలుసు. చీటీ వాళ్లకు చీటీ సంగతి తెలుసు, వడ్డీ ఇచ్చినాయనకు తన 2 లక్షల సంగతి తెలుసు, భార్యకు లోను సంగతి, చీటీ సంగతి తెలుసు. అన్నీ కలిపి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడికి కలిపి చూసుకోవాలంటే భయం. నేను అందరికీ ఇదే చెప్తూ వచ్చాను. ఒక్కడికే తెలిసిన అప్పు పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుంది? దాన్ని దాచడానికి కూడా ఖర్చవుతుంది కాబట్టి. చుట్టాల ఇంట్లో పెళ్లికి 5,116 చదివించకపోతే అనుమానం వస్తుంది. పండక్కి చీరలు కొనకపోతే అనుమానం వస్తుంది. ఎప్పటిలాగే ఉన్నామని చూపించడానికి మళ్లీ అప్పు.

ఆయన ఏం చేశారో తర్వాత చెప్తాను. ముందు ఆడవాళ్ల దగ్గరికి వద్దాం. ఈ హాల్లో పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్లు చేతులెత్తండమ్మా. చూడండి, సగం హాలు ఎత్తింది. మగవాళ్లూ, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

ఈ సంఘాలు మనకు ఊరికే రాలేదు. పల్లె ఆడవాళ్ల సంఘాల కోసం ప్రభుత్వం పెట్టిన డ్వాక్రా పథకం 1982-83లో మొదలైంది. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్నేం చేయాలి? రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. 1992లోనే నాబార్డు, అంటే వ్యవసాయం, గ్రామాభివృద్ధి కోసం ఉన్న జాతీయ బ్యాంకు, ఇలాంటి సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రయోగంగా ప్రారంభించింది, మొదట 500 సంఘాలతో. అంత చిన్నగా మొదలైంది ఇప్పుడు దేశమంతా ఉంది.

పంచసూత్రాలు మీకు నోటికి వచ్చు కదమ్మా? క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు రాయడం. అప్పుల మాట మూడోది. మొదటిది ఏమిటి? సమావేశం! మనుషులు వచ్చి ఎదురెదురుగా కూర్చోవడం. బ్యాంకు మనిషిగా నేను ఇది అర్థం చేసుకోవడానికి ఒక సమావేశంలో మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను. పలమనేరు అవతల ఒక పల్లె, వేపచెట్టు కింద చాప. పుస్తకం రాసే అమ్మాయి ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. పిలిచినామె లేచి, డబ్బు అందరికీ కనపడేలా పట్టుకుని, "పొదుపు వంద, అప్పు కంతు ఏడువందలు" అని పైకి చెప్పి ఇస్తుంది. ఆ అమ్మాయి మళ్లీ పైకి చదివి రాస్తుంది. ఒకామె పేరు వచ్చింది, ఆమె లేవలేదు. "ఏమ్మే, కంతు?" అని పక్కనామె అడిగింది. "ఆవు ఈనింది, దూడ దక్కలేదు. పాలు తగ్గిపోయినాయి. వచ్చే పాల బిల్లుకు కడతా" అంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దామె, "ఈ నెల వడ్డీ మాత్రం కట్టు, అసలు వచ్చే నెల రెండు కంతులు. పుస్తకంలో రాయి" అంది. రాశారు. అయిపోయింది. వెంటనే తర్వాతి పేరు పిలిచారు.

అక్కడ ఏం జరిగిందో గమనించారా? ఆమె దాచలేదు, దాచే వీలు లేదు. అరిచినవాళ్లు లేరు, జాలిపడి వదిలేసినవాళ్లూ లేరు. కారణం విన్నారు, గడువు పెట్టారు, రాశారు. మా బ్యాంకులో ఇదే పని జరగాలంటే మూడు నోటీసులు వెళ్లాలి.

మరి మగవాళ్లకు ఇలాంటి చాప ఏది? ఆఫీసులో మనం జీతాల గురించి, జీతాలు పెంచే పీఆర్సీ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. "నాకు ఇంత అప్పుంది" అని ఎప్పుడైనా అన్నామా?

ఇది నా ఒక్కడి మాట అనుకోకండి, దీని మీద పరిశోధనలు జరిగాయి. మనకు దగ్గరే, కుప్పం దాటితే కర్ణాటక. ఆ కర్ణాటక పల్లెల్లో, 60 ఊళ్లలో, ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పరీక్ష చేశారు. అందరూ ఆరు నెలలకు ఇంత దాస్తామని ఎవరికి వాళ్లు లక్ష్యం పెట్టుకున్నారు. కొందరికి మాత్రం ఊళ్లో మనిషినే ఒకరిని పర్యవేక్షకుడిగా పెట్టారు. ఆ మనిషి డబ్బు ఇవ్వడు, తీసుకోడు. రెండు వారాలకోసారి అతనికి సమాచారం వెళ్తుంది, ఫలానా ఆయన ఇంత దాచాడు అని. అంతే! పర్యవేక్షకుడు ఉన్నవాళ్ల పొదుపు సగటున 36 శాతం ఎక్కువ పెరిగింది. ఆ పర్యవేక్షకుడు ఊళ్లో నలుగురితో సంబంధాలున్న మనిషైతే ఇంకా ఎక్కువ. పరీక్ష అయిపోయిన 15 నెలల తర్వాత వెళ్లి చూస్తే కూడా ఆ తేడా నిలిచే ఉంది. ఎందుకంటారు? ఆయన దగ్గర మన పేరు పోకూడదు కాబట్టి. రేపు ఏదైనా అవసరమొస్తే ఆయనే కదా మన గురించి ఒక మాట చెప్పాల్సింది.

ఇంకోటి దక్షిణ అమెరికాలో చిలీ దేశంలో చేశారు, చిన్న చిన్న వ్యాపారులతో. కొందరికి ఖాతా మీద వడ్డీ బాగా పెంచి ఇచ్చారు. కొందరిని గుంపుగా కూర్చోబెట్టి, ఎవరెంత వేశారో అందరి ముందు చెప్పుకునేలా చేశారు. వడ్డీ పెంచితే చాలామందిలో మార్పే లేదు. గుంపులో ఉన్నవాళ్లు డబ్బు వేసిన సార్లు మూడున్నర రెట్లయ్యాయి, నిల్వ దాదాపు రెట్టింపైంది. బ్యాంకులో నా సర్వీసంతా నేను పావు శాతం, అర శాతం వడ్డీ ఎక్కువని చెప్పి డిపాజిట్లు అడిగాను. జనాన్ని పొదుపు వైపు నడిపించేది వడ్డీ కాదని ఆ ఫలితాలు చెప్తున్నాయి. తర్వాత ఇంకో పరీక్ష చేశారు. సమావేశాలు లేకుండా, సెల్‌ఫోన్‌కు మెసేజి మాత్రం పంపారు, ఈ వారం మీరు అనుకున్నది వేశారా లేదా అని. ఫలితం ఇంచుమించు అంతే వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అమెరికాలో అయితే అప్పుల్లో మునిగినవాళ్ల కోసమే ఒక బృందం 1976 నుంచి నడుస్తోంది, డెటర్స్ అనానిమస్ అని. తాగుడు మానాలనుకునేవాళ్లు కూడి మాట్లాడుకుంటారు కదా, అదే పద్ధతి. అప్పులున్న మనిషితో, ఆ దారిలో కొంతకాలం నడిచిన ఇద్దరు కూర్చుని లెక్కలన్నీ చూస్తారు. వాళ్లు అప్పు ఇవ్వరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. లెక్క చూసే మనిషి వేరు, హామీ సంతకం పెట్టే మనిషి వేరు. ఈ రెండూ కలిపేస్తే కుటుంబాలే విడిపోతాయి. "ఊరికే ఒక సంతకం బావా, ఫార్మాలిటీ" అంటారు. అది ఫార్మాలిటీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో హామీ ఇచ్చినవాడికీ అంతే ఉంటుంది, పత్రంలో వేరే షరతు రాసుకుంటే తప్ప. వాడు కట్టకపోతే మీ జీతం మీదికి వస్తారు. కాబట్టి ఎవరైనా వచ్చి, "నా లెక్క చూడు" అంటే సంతోషంగా చూడండి. "సంతకం పెట్టు" అంటే, అది వేరే సంగతి, ఇంట్లో అడిగి రెండు రోజుల తర్వాత చెప్తానని చెప్పండి.

నలుగురికి తెలియడం అన్నిసార్లూ మేలు చేయదు, అది కూడా చెప్పాలి. మన రాష్ట్రంలోనే చూశాం. మైక్రో ఫైనాన్స్ కంపెనీలు గుంపు బాధ్యత అని పెట్టి, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లను ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టిన రోజులున్నాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది. ఇప్పుడు లోన్ యాప్‌లవాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు పెడుతున్నారు. అప్పు ఇచ్చే యాప్ మీ కాంటాక్టు లిస్టు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అలా ఎవరైనా బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల నంబరు. పరువు తీసేవాడి చేతిలో మన లెక్క ఉండకూడదు. మనం ఎంచుకున్న మనిషి చేతిలో ఉండాలి.

అయితే ఎవరిని ఎంచుకోవాలి? భార్యాభర్తలకు ఒకరి లెక్క ఒకరికి ఎలాగూ తెలియాలి. అది మొదటి మెట్టు, అందులో మినహాయింపు లేదు. నేను అడిగేది ఇంకో మనిషి గురించి, ఇంటి బయటి మనిషి. మీకు అప్పు ఇచ్చినవాళ్లు వద్దు, మీరు అప్పు ఇచ్చినవాళ్లూ వద్దు. విన్నది నాలుగు వీధుల్లో చెప్పేవాళ్లు వద్దు. ప్రతి మాటకూ సలహా ఇచ్చేవాళ్లు కూడా వద్దు, రెండు నెలల్లో మీరే ఫోన్ ఎత్తడం మానేస్తారు. మీకు కాస్త గౌరవం ఉన్న మనిషి కావాలి. అక్క కావచ్చు, తోడల్లుడు కావచ్చు, ఆఫీసులో పక్క సీటు కావచ్చు. ఇద్దరూ ఒకరికొకరు లెక్క చెప్పుకుంటే ఇంకా మంచిది, చిన్నతనం ఉండదు.

చెప్పాల్సింది మూడు అంకెలు. ఈ నెల వచ్చింది ఎంత, పక్కన వేసింది ఎంత, మిగిలిన అప్పు ఎంత. జీతగాళ్లైతే 5వ తారీఖు. పాలు పోసేవాళ్లైతే బిల్లు పడిన మర్నాడు. మామిడి రైతుకు నెలకోసారి కుదరదు, తోతాపురి ఫ్యాక్టరీకి తోలిన డబ్బు చేతికొచ్చిన వారంలో చెప్పాలి, ఎందుకంటే ఆ వారంలోనే అది కరిగిపోతుంది. పిన్ చెప్పొద్దు, ఓటీపీ చెప్పొద్దు, పాస్‌బుక్ ఇవ్వొద్దు. ఆ ఇద్దరి మధ్య డబ్బు మారకూడదు. ఒక్కసారి వెయ్యి రూపాయలు చేబదులు మారినా ఆ సంబంధం పాడైపోతుంది, ఫోన్ చేయడానికి మొహం చెల్లదు.

ఇందాకటి మనిషికి లెక్క చూసింది ఆయన బావమరిది. ముందు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించండి అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదట ఆమె. మూడోరోజు ఆమే అంది, కుదవలో ఉన్న నగ అమ్మేద్దాం, దానికి వడ్డీ కట్టి ఏం బావుకుంటున్నాం అని. నగ అమ్మారు, బంగారం లోను తీరింది, మిగిలింది కార్డుకు పోయింది. కార్డు కత్తిరించేశారు. బావమరిది ఒక్క రూపాయి ఇవ్వలేదు. నెలకోసారి ఫోన్ చేసి, "బావా, వడ్డీ ఆయనకు అసలు ఎంత కట్టినావు?" అని అడిగేవాడు. ఒక నెల కట్టలేదంటే, "ఎంత తగ్గింది? ఎప్పటికి పూడుస్తావు?" అనేవాడు. అంతే.

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి అప్పుల గురించి నోరు విప్పితే మీరు ఏం అడుగుతారు? "ఎందుకు చేశావు?" అంటాం మనం, నోట్లో మొదట వచ్చే మాట అదే. దయచేసి అది అడగొద్దు. ఆ మనిషి ఆ ప్రశ్న రాత్రిళ్లు తనను తానే వేసుకుని అలసిపోయి వచ్చాడు. "మొత్తం ఎంత?" అని అడగండి. కాగితం తీయండి. ఎక్కువ వడ్డీ ఏదో దాని పక్కన గీత గీయండి, మొదట తీర్చాల్సింది అదే. కట్టలేని కంతు ఉంటే, నోటీసు రాకముందే వాళ్లతో కలిసి బ్యాంకుకు వెళ్లండి. ఒక్కడే వచ్చినవాడు కౌంటర్ దాకా వచ్చి తిరిగి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. పక్కన మనిషి ఉంటే లోపలికి వస్తారు. కోర్టు కాగితాలొస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మాటల్లో చావు గురించి వినిపిస్తే డబ్బు లెక్క పక్కన పెట్టేయండి. వాళ్లను ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా చేయొచ్చు. రాసుకోండి. 14416.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయి అడుగుతోంది, మాది వేరే ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను, నాకెవరూ తెలియదు, ఎవరికి చెప్పాలి అని. ఇందాక చిలీ మెసేజిల సంగతి చెప్పాను కదమ్మా. మీ గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది కదా, తనకూ జీతం వస్తుంది కదా. 5వ తారీఖు ఇద్దరూ మూడు అంకెలు ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకోండి. రాకపోతే రెండోవాళ్లు ఒక ప్రశ్నార్థకం పెట్టాలి, చాలు. ముందు ఫోన్‌పే హిస్టరీ ఒకసారి పైనుంచి కిందికి ఇద్దరూ కలిసి చూడండి. వందలోపు ఖర్చులన్నీ కూడండి. నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

పెద్దాయన అడుగుతున్నారు, వెనక వరసలో. నేను దాచుకున్నది ఎంతో పిల్లలకు చెప్తే ఆ డబ్బు ఇచ్చేయమంటారు, ఎలా చెప్పాలి అంటున్నారు. అయ్యా, మీ భయం నాకు అర్థమైంది, అది నిజమైన భయమే. పిల్లలకు అంకెలు చెప్పకండి. తోటి పెన్షనరు ఒకరికి చెప్పండి, లెక్క ఆయన దగ్గర నడపండి. అయితే నామినీ పేరు ప్రతి ఖాతాలోనూ ఉండాలి, రేపు ఉదయమే బ్యాంకుకు వెళ్లి చూసుకోండి. పదేళ్లు కదలని ఖాతాల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది. అలాంటివి వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టారు, ఎందుకంటే అంతమంది ఎవరికీ చెప్పకుండానే పోయారు. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఏ చీటీ, ఏ ఇన్సూరెన్సు అని ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించండి. కవర్లో ఏముందో పిల్లలకు ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఏ బీరువాలో, ఏ అరలో ఉందో మాత్రం ఇద్దరికి చెప్పండి, ఒక్కరికి కాదు.